పాత అంబాసిడర్లు, ఫియట్లు షెడ్డులోంచి తీస్తున్నవాళ్ళు లూజు బ్రేక్ ఆయిల్ దగ్గర జాగ్రత్త

విజయనగరంలో ఆ పాత బళ్ళ స్పేర్ల షాపు ఉంది కదా, అదే, అంబాసిడర్‌కి ఏం కావాలన్నా అక్కడికెళ్ళు అని అందరూ అందర్నీ పంపించే షాపు. పేరు రాయట్లేదు, రాయక్కర్లేదు కూడా, మన రెండు జిల్లాల్లో పాత బండి ఉన్నవాడు ఒక్కసారైనా ఆ కౌంటర్ దగ్గర నిలబడే ఉంటాడు. అక్కడ డబ్బాలోంచి వంచి లూజుగా పోసిచ్చే బ్రేక్ ఆయిల్ మాత్రం కొనకండి. ఊరికే ఇచ్చినా వద్దు. కోపానికి ఇంకా చేతులు వణుకుతున్నాయి, టైపింగ్ తప్పులుంటే సర్దుకుని చదవండి.

బండి మా నాన్నగారిది, మార్క్ ఫోర్ అంబాసిడర్, ఆ 1489 సీసీ పెట్రోల్ ఇంజనే. ఆయన పోయాక శ్రీకాకుళంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి అలా ఉండిపోయింది. ఆర్సీ రెన్యువల్ చేయించి ఇంట్లోనే ఉంచుకుందామని బయటికి లాగేం. పాత పెట్రోలు వార్నిష్ కంపు కొడుతుంటే ట్యాంకు ఖాళీ చేసీసి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి చేత్తో తిప్పితే ఇంజన్ తిరిగింది, ఆ కథంతా బానే అయిపోయింది. బ్రేకుల దగ్గరే వచ్చింది తంటా. రిజర్వాయర్ మూత తీస్తే లోపలంతా నల్లగా, అడుగున మడ్డి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, మన సముద్రం గాలి సంగతి చెప్పక్కర్లేదు, నీరు చేరినకొద్దీ అది తొందరగా మరిగిపోతుంది, డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ అయితే కొత్తది కనీసం 205 డిగ్రీలు తట్టుకోవాలి, నీరు పట్టినదానికి లెక్క 140కి పడిపోతుంది, పైగా సిలిండర్లు లోపల్నుంచి తుప్పు. అందుకని మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) రబ్బర్ల కిట్టు, నాలుగు చక్రాల కిట్లు అన్నీ కొత్తవి కొన్నాం. ఎక్కడ? ఆ షాపులోనే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

కిట్లతో పాటు "డాట్ 3 సీల్డ్ బాటిల్ ఒకటి ఇవ్వండి" అన్నాను. ఉన్నాయి కూడా, వెనక అరలో వరసగా కనబడుతున్నాయి. షాపాయన నవ్వి, "మాస్టారూ, అంబాసిడర్‌కి సీల్డ్ ఎందుకండీ డబ్బులు దండగ, టాక్సీలోళ్ళందరూ ఇదే పట్టుకెళ్తారు" అని కింద ఉన్న పెద్ద డబ్బా వంచి, మంచినీళ్ళ బాటిల్ ఖాళీది ఒకటి వెతికి మరీ అందులో పోసీసేడు. "ఇదేటండీ ఎర్రగా ఉంది?" అన్నాను. "కంపెనీని బట్టి రంగు మారుతాదండీ" అన్నాడు. మాస్టారూ అన్నాడు కదా, నేను మురిసిపోయి స్కాన్ చేసి డబ్బులు కొట్టీసి, చీటీ ముక్క జేబులో పెట్టుకుని వచ్చీసేను. నా అంత తెలివైనోడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

మొదట్లో బ్రేకులు బ్రహ్మాండం. వీధుల్లో తిప్పి చూసుకున్నాం, బండి కొన్నాళ్ళు ఇంటిముందు నిలబడింది. తరవాత మా ఆవిణ్ణి ఎక్కించుకుని హైవే మీద చిలకపాలెం వైపు తీస్తే బండి లాగట్లేదు, యాక్సిలేటర్ తొక్కినకొద్దీ మూలుగుతోంది, కాసేపటికి డ్రమ్ముల దగ్గర్నుంచి పొగ. పెడల్ మీంచి కాలు తీసీసినా నాలుగు చక్రాలూ పట్టేసే ఉన్నాయి. వెనక లారీలు హారన్ల మీద హారన్లు. ఎలాగో పక్కకి చేర్చి ఆమదాలవలస నుంచి మా మెకానిక్ బాబాయ్‌ని పిలిపించేను. ఆయన చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నట్టు కొంచెం వదులు చెయ్యగానే ఆయిల్ చిమ్మి చక్రాలు వదిలేసేయి. మర్నాడు మాస్టర్ సిలిండర్ విప్పితే, కొత్తగా వేసిన కప్పు ఆకారం రబ్బరు నానబెట్టిన శనగలా ఉబ్బిపోయి ఉంది. ఆ ఉబ్బుకి ఆయిల్ వెనక్కి వెళ్ళే చిన్న కన్నం మూసుకుపోతుందట, ప్రెషర్ లోపలే ఉండిపోయి బ్రేకు పట్టేస్తుందట. "బాబూ, ఇది బ్రేకాయిల్ కాదు, మామూలు నూనె జాతి" అని స్టీలు గ్లాసుతో నీళ్ళు తెమ్మన్నాడు. సీసాలో అడుగున మిగిలింది రెండు చుక్కలు వేస్తే పైన తేలింది. అసలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో చేస్తారు, నీళ్ళలో కలిసిపోవాలి. ఇది పవర్ స్టీరింగ్ ఆయిలో, వాడీసిన ఏ ఆయిలో, వాడికే తెలియాలి.

సరే, ఆ సీసా, ఆ ఉబ్బిన రబ్బరు పట్టుకుని షాపుకెళ్ళేను. గొడవకి వెళ్ళలేదు, డబ్బులు కూడా అడగలేదు మొదట, ఇది ఇలా ఉందండీ చూడండి అన్నాను, అంతే. ఫోన్లోంచి తల ఎత్తకుండానే "పాత బండి కదండీ, రబ్బర్లు పోతాయి" అన్నాడు. కొత్త రబ్బర్లండీ అన్నాను. "అయితే డూప్లికేట్ అయ్యుంటాయి." మీ దగ్గర కొన్నవేనండీ అన్నాను! తన సరుకు డూప్లికేటని తన నోటితోనే చెప్పీసి కూడా మనిషిలో చలనం లేదు. అప్పుడు నేను, ఒక గ్లాసు నీళ్ళు ఇప్పించండి, మీ డబ్బాలోదే రెండు చుక్కలు వేసి చూద్దాం, కలిసిపోతే తప్పు నాదే, నోరు మూసుకుని వెళ్ళిపోతాను అన్నాను. పనికుర్రాడు పాపం నిజంగానే గ్లాసు తెచ్చేడు. ఈయన లేచి ఆ గ్లాసు లాక్కుని నీళ్ళు రోడ్డు మీదకి విసిరికొట్టి "నీకు పనిలేదేట్రా, లోపలికి పో" అని వాడి మీద అరిచి, ఇటు తిరిగి నాతో "ఏటి, డొక్కు బండి తెచ్చుకుని మా మీద పడతావేటి నువ్వు? తుక్కుకి అమ్మీ, కిలోల లెక్కన నేనే కొంటాను" అన్నాడు. డబ్బులిచ్చిన రోజు మాస్టారు, ఇవాళ నువ్వు. షాపు నిండా జనం, ఒక్కడూ కిక్కురుమనలేదు.

బిల్లుందా అన్నాడు. ఉంది, అని జేబులోంచి చీటీ తీసేను. అందులో "ఆయిల్ 1" అని రాసి ఉంది. బ్రేక్ అన్న మాటే లేదు. దాన్ని చదివి, "ఆయిలే కదా ఇచ్చేను" అని నవ్వేడు. ఆ నవ్వు నాకు నిద్దట్లో కూడా వినబడుతోంది. అది తెలిసే అలా రాసేడంటారా? నాకైతే అలాగే అనిపిస్తోంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేద్దామంటే చేతిలో ఉన్న ఆధారం ఆ చీటీ ముక్క.

ఇప్పుడు మళ్ళీ కిట్లన్నీ కొనాలి, హోసులు కూడా, నూనె తగిలిన రబ్బరు ఏదీ పనికిరాదు. లైన్లు స్పిరిట్‌తో కడగాలి, పెట్రోలు, కిరసనాయిలు వద్దు, వాటికీ ఈ రబ్బరు పాడవుతుంది.

మీరు కొనేటప్పుడు సీల్డ్ బాటిలే, చిన్నది, దాని మీద డాట్ 3 గానీ డాట్ 4 గానీ అచ్చయి ఉండాలి, రంగు చూసి నమ్మొద్దు, మూత తీసి దాచిన పాతది వాడొద్దు, బిల్లు మీద బ్రేక్ ఫ్లూయిడ్ అని రాయించండి. డాట్ 5 ఇంకా మంచిదని ఎవడైనా అంటే అది సిలికాన్, పాతదానితో కలవదు. పెయింటు మీద పడితే బ్రేక్ ఆయిల్ తినేస్తుంది, వెంటనే నీళ్ళు కొట్టండి. ఇంకోటి, ఇదే మనిషి గేర్‌బాక్సుకి కూడా జీఎల్-5 రకం ఆయిల్ ఎక్కువ స్ట్రాంగండీ అని అంటగట్టబోయేడు, దాన్లో గంధకం మందు ఎక్కువ, పాత గేర్‌బాక్సులో ఇత్తడి రింగులుంటే వాటికి పడకపోవచ్చు, మాన్యువల్లో ఏది రాస్తే అదే పొయ్యండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు వద్దు.

మార్క్ ఫోర్ మాస్టర్ సిలిండర్ కిట్టు మంచిది శ్రీకాకుళంలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, లేకపోతే వైజాగ్ వెళ్ళి తెచ్చుకుంటాను, బస్సు చార్జీలు నష్టమైనా పర్లేదు.