కొబ్బరి తోటలో గడ్డి కోతకు డీజిలా, పెట్రోలా: ఏడాది వాడిన తర్వాత

అంబాజీపేట దగ్గర మాకు మూడెకరాల కొబ్బరి తోట ఉంది. చెట్టుకూ చెట్టుకూ 25 అడుగుల ఎడం ఉండడంతో తొలకరి పడిన దగ్గర నుంచి కార్తికం దాకా ఆ ఎడమంతా తుంగ, గరిక మోకాలెత్తు పెరిగి, రాలిన మట్టలు వాటి కింద కనపడకుండా పోతాయి. నేలను తిరగదున్నే రోటావేటర్ వేస్తే నేల శుభ్రంగానే కనిపిస్తుంది గాని, కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మొదలుకు 2 మీటర్ల లోపల, పైపొరల్లోనే పాకి ఉంటాయి కనుక అవి తెగి చెట్టు దెబ్బతింటుంది. అందుకే నేలను కదపకుండా గడ్డిని నరికి అక్కడే పరిచే స్లాషర్‌నే ఎంచుకున్నాం. ఏడాది కాలంలో దానిని రెండు రకాల ఇంజన్లతో నడిపి చూశాం.

మొదటిది 7 హెచ్‌పీ పెట్రోల్ ఇంజనుతో, మనిషి వెనక నడుస్తూ పట్టుకునే యంత్రం. దాని కోత వెడల్పు 2 అడుగులు. రెండవది 24 హెచ్‌పీ డీజిల్ మినీ ట్రాక్టరుకు, ఇంజను బలాన్ని వెనక యంత్రానికి అందించే పీటీఓ షాఫ్టుతో తగిలించిన 4 అడుగుల స్లాషర్. మన దగ్గర ట్రాక్టరంటే డీజిల్‌దే కాబట్టి ఇది సమానుల మధ్య పోలిక కాదన్న సంగతి ముందే చెప్పడం న్యాయం. స్లాషరుకు అడుగు వెడల్పుకు పీటీఓ దగ్గర 5 హెచ్‌పీ ఉండాలన్నది స్థూలంగా పాటించే లెక్క. ట్రాక్టరు ఇంజను బలంలో కొంత గేర్లలో పోయినా ఆ లెక్కకు దాదాపు సరిపోతుంది. పెట్రోల్ యంత్రానికి మాత్రం అడుగుకు మూడున్నరే వస్తుంది. అమ్మిన దుకాణం వారు 7 అనే అంకెను చూపించారే తప్ప, అది ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరిగేటప్పటి బలమని చెప్పలేదు.

ఆ తేడా తెలిసింది భాద్రపదంలో. తడిసిన తుంగలో నెమ్మదిగా పోతున్న పెట్రోల్ యంత్రానికి గడ్డి కింద దాగిన ఎండు మట్ట మొదలు తగిలింది. ఇంజను శబ్దం ఒక్కసారిగా బొంగురుపోయింది, బెల్టు జారి రబ్బరు కమిలిన వాసన వచ్చింది, రెండు క్షణాల్లో యంత్రం ఆగిపోయింది. బ్లేడు వేగం తగ్గాక గడ్డిని నరకదు, పీకి చుట్టుకుంటుంది. ఆ చుట్టలు కొడవలితో కోసి తీయడానికే అరగంట పట్టింది. మరుసటి వారం అదే వరుసలో ట్రాక్టరు స్లాషరుకూ అలాంటి మట్టే తగిలింది. పొగగొట్టం నుంచి ఒక్క నల్లని పొగ గుప్పు మని వచ్చింది, ఇంజను కాస్త కుంగింది, మళ్లీ తన చుట్లు తాను అందుకుంది. మట్ట నాలుగు ముక్కలై వెనక పడింది.

ఆ నల్లటి పొగలోనే కారణం కూడా ఉంది. బరువు పడి చుట్లు తగ్గగానే, ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు అనే భాగం ఎక్కువ డీజిల్‌ను చిమ్మించి ఇంజనును నిలబెడుతుంది. పెట్రోల్ ఇంజనుకూ గవర్నరు ఉంటుంది గాని, పూర్తి రేజింగులో పనిచేస్తున్న చిన్న ఇంజనులో ఇంకా తెరవడానికి మిగిలేది తక్కువ. దానికి తోడు డీజిల్ ఇంజనులో గాలిని 16 నుంచి 20 రెట్లు కుదిస్తే, చిన్న పెట్రోల్ ఇంజన్లలో ఆ కుదింపు 8, 9 రెట్ల దగ్గరే ఆగుతుంది. ఇంధనంలోని వేడి పనిగా మారడంలో తేడా అక్కడే మొదలవుతుంది. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1920 నుంచి ట్రాక్టర్లను పరీక్షిస్తోంది. ఆ పరీక్షల మీద ఆధారపడి అక్కడి వ్యవసాయ విస్తరణ నిపుణులు వేసే లెక్క ప్రకారం, పెట్రోల్ ట్రాక్టరు 100 లీటర్లతో చేసే పనికి డీజిల్ ట్రాక్టరుకు 73 లీటర్లు చాలు. మా తోటలో ఎకరాకు ట్రాక్టరు గంటన్నరలో నాలుగు లీటర్లు తాగింది. పెట్రోల్ యంత్రానికి నాలుగు గంటల పైన పట్టి, అయిదున్నర లీటర్లు అయింది. లీటరు ధర పెట్రోల్‌కే ఎక్కువ కాబట్టి ఖర్చులో తేడా ఇంకా పెరుగుతుంది.

డీజిల్ అన్ని విధాలా మేలని మాత్రం నేను అనను. వాన వెలిసిన మర్నాడు ట్రాక్టరును దింపితే చక్రాల గాళ్లు పడతాయి, బోదె గట్టు అంచు విరుగుతుంది. గడ్డి నూగు, విత్తనాలు రేడియేటరు ముందున్న జాలీకి మందంగా అతుక్కోవడంతో మొదటి రోజు రెండో గంటకే వేడి ముల్లు ఎర్ర గీతను తాకింది. అప్పటి నుంచి ప్రతి అరగంటకూ ఇంజను ఆపి జాలీని చీపురుతో దులుపుతున్నాం. స్లాషరు కింద నుంచి కొబ్బరి చిప్పలు రాళ్ల మాదిరిగా ఎగిరి వస్తాయి కనుక కోత సాగుతున్నంతసేపూ ఆ వరుసల్లోకి ఎవరినీ రానివ్వకూడదు. పక్క తోట ట్రాక్టరు డ్రైవరు మొదటి రోజే ఒక మాట చెప్పాడు: “దట్టంగా ఉన్నచోట గేరు తగ్గించండి బాబూ, రేజింగ్ తగ్గించకండి.” పీటీఓ 540 చుట్ల దగ్గర నిలిచి ఉంటేనే బ్లేడు పదును పనిచేస్తుంది, ఆ మాట పాటించాక మా కోత ఎంతో సాఫీగా వచ్చింది.

క్లచ్ సంగతి కూడా కొనేవారు అడగాలి. 1947 నుంచి 1952 దాకా తయారైన ఫోర్డ్ 8ఎన్ పెట్రోల్ ట్రాక్టర్లతో అమెరికాలో ఇప్పటికీ గడ్డి కోసేవారున్నారు. వాటిలో పీటీఓ ప్రధాన క్లచ్‌తోనే ముడిపడి ఉండడం వల్ల, క్లచ్ తొక్కినా తిరుగుతున్న బరువైన బ్లేడు గేర్ల ద్వారా ట్రాక్టరును ముందుకు నెడుతుంది. దానికి విరుగుడుగా, బ్లేడు ఊపు వెనక్కి ట్రాక్టరుకు చేరకుండా పీటీఓకు ఓవర్‌రన్నింగ్ క్లచ్ బిగిస్తారు. ఇది ఇంధనంతో సంబంధం లేని లోపం. ఒకే క్లచ్ ఉన్న పాత డీజిల్ ట్రాక్టరు కొన్నా ఇదే ప్రమాదం ఉంటుంది, పైగా మన తోటల్లో వరుస చివర కాలువ ఉంటుంది.

పెట్రోల్ యంత్రాన్ని మేము అమ్మలేదు. కోకో మొక్కల మధ్య, బోదె గట్ల మీద, ట్రాక్టరు తిరగలేని మూలల్లో అదే దిక్కు. అక్కడ గడ్డి మోకాలు దాటకముందే కోస్తే అది చక్కగా పనిచేస్తుంది. ఇప్పుడు వస్తున్న పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. మా కోనసీమ గాలిలో రెండు నెలలు టాంకులో ఉంచిన పెట్రోల్‌తో కార్బురేటరు పట్టేసి ఒకసారి మెకానిక్ దగ్గరకు మోయవలసి వచ్చింది. అందుకని ఆఖరి కోత అయిన సాయంత్రమే టాంకు కుళాయి కట్టి, కార్బురేటరులో మిగిలినది అయిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి, ఆ తర్వాతే షెడ్డులో పెడుతున్నాం.