తాళాల రోజు ‘నో క్లెయిమ్’ కాగితం మీద సంతకం పెట్టకండి: బెంగళూరులో ఫ్లాట్ కొన్నవాళ్లకు హెచ్చరిక

సర్జాపూర్ రోడ్డు వైపు ఒక పెద్ద ప్రాజెక్టులో ప్రస్తుతం జరుగుతున్నది ఇది. తాళాలిచ్చే రోజు కాగితాల కట్టలో, పార్కింగ్ లెటర్‌కూ మెయింటెనెన్స్ ఫారానికీ మధ్య బిల్డర్ మనుషులు ఒక పేజీ దూరుస్తున్నారు. ఆలస్యం మీద, నాణ్యత మీద నాకు ఏ క్లెయిమూ లేదు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, కంపెనీ గురించి ఎక్కడా రాయను అని అందులో ఉంటుంది. సంతకం పెట్టకపోతే రిజిస్ట్రేషన్ తేదీ ఇవ్వరు. వాట్సాప్ గ్రూపులో గట్టిగా అడిగే ఇద్దరు ముగ్గురికి పరువునష్టం నోటీసులు వెళ్తాయి. అవి చూసి మిగతావాళ్లు నోరు మూసుకుంటారని వాళ్ల లెక్క.

ఆ ఒక్క పేజీ ఖరీదెంతో చూడండి. కర్ణాటక రెరా నిబంధనల ప్రకారం ఆలస్యానికి వడ్డీ ఎస్‌బీఐ ఎంసీఎల్ఆర్ (బ్యాంకు అప్పులిచ్చే కనీస వడ్డీ రేటు) మీద 2 శాతం ఎక్కువ. 80 లక్షలు కట్టి 18 నెలలు ఆగినవాళ్లకు, 11 శాతం అనుకున్నా, 13 లక్షలు దాటుతుంది. అగ్రిమెంట్లలో మామూలుగా రాసే అడుగుకు నెలకు 5 రూపాయల లెక్కన 1,200 అడుగుల ఫ్లాటుకు వచ్చేది 1,08,000 మాత్రమే.

బేగూరులోని డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ ప్రాజెక్టు కేసులో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. రిజిస్ట్రేషన్ కావాలంటే పరిహారం వదులుకో అని కొనుగోలుదారుణ్ణి బలవంతపెట్టడం అన్యాయం అంది. అడుగుకు 5 రూపాయలకు అదనంగా, కట్టిన సొమ్ము మీద ఏటా 6 శాతం వడ్డీ ఇప్పించింది. కానీ విడిగా సెటిల్‌మెంట్ రాసిచ్చినవాళ్లకు అది దక్కలేదు. అందుకే సంతకానికి ముందే ఆగమంటున్నాం.

ఆ పేజీ అడ్డంగా కొట్టేసి, ‘నా హక్కులు వదులుకోకుండా పొజెషన్ తీసుకుంటున్నాను’ అని రాసి ఫొటో తీసుకోండి. అదే రోజు కంపెనీ అధికారిక మెయిల్‌కు పంపండి. తాళాలివ్వం అంటే, ఎవరు ఏ టైముకు అలా అన్నారో కూడా మెయిల్లో పెట్టండి. గృహప్రవేశం ముహూర్తం మాత్రం సేల్స్ వాళ్లకు చెప్పకండి. ఊరినుంచి పెద్దవాళ్లు బయలుదేరారని తెలిస్తే కాగితం సరిగ్గా ఆ ముందురోజే బయటికి తీస్తారు.

ఇక నోటీసు సంగతి. లాయర్ నోటీసు కోర్టు ఆర్డర్ కాదు. పరువునష్టం (నేరాల చట్టం భారతీయ న్యాయ సంహిత, బీఎన్ఎస్, సెక్షన్ 356) మీద పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టలేరు. కంపెనీ మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేయాలి. దాన్ని విచారణకు తీసుకునే ముందు మీ మాట వినాలని బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 223 చెబుతోంది. అలాగని నోటీసు పక్కన పడేయకండి, గడువులోపల లాయర్ చేత పొట్టి జవాబు ఇప్పించండి.

ముంబై బోరివలిలో బిల్డింగ్ లోపాల మీద బ్యానర్ కట్టిన ఫ్లాట్ ఓనర్ల మీద బిల్డర్ వేసిన పరువునష్టం కేసును 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ బ్యానర్‌లో మోసం, చీటింగ్ లాంటి మాటలు లేకపోవడాన్ని కోర్టు ప్రత్యేకంగా గమనించింది. కాబట్టి ‘దొంగ బిల్డర్’ అని రాయకండి. ‘జులై 12న రెండో బేస్‌మెంట్‌లో మూడంగుళాల నీళ్లు నిలిచాయి, ఫొటో ఇదిగో, 14న మెయిల్ పెట్టాం, జవాబు లేదు’ అని రాయండి. రుజువు చేయలేని మాట ఇప్పటికే రాసేసి ఉంటే సరిదిద్దండి, మిగతాది చెరపకండి. చాట్లున్న ఫోను అమ్మేయకండి. స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా నిలవాలంటే సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫైలే ఆధారం.

ఒక్కరే ముందు నిలబడితే నోటీసులన్నీ ఆ ఒక్కరికే వస్తాయి. రెరా సెక్షన్ 31 కింద అసోసియేషన్ పేరుతోనే ఫిర్యాదు వేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) కింద, కమిషన్ అనుమతితో, ఒకే సమస్య ఉన్నవాళ్లందరి తరఫున వేయవచ్చు. అక్కడ గడువు రెండేళ్లు. ‘మాట్లాడుకుందాం రండి’ అని బిల్డర్ నెలలు సాగదీసినంత మాత్రాన ఆ గడువు ఆగదు.