చెమ్మ మీటర్ రివ్యూ: మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు ఇది ఎంతవరకు పనికొస్తుంది?

కొత్తగా రంగు వేసిన గోడ చూడముచ్చటగా ఉంటుంది. దాని వెనక చెమ్మ ఉందో లేదో కంటికి కనిపించదు, చేత్తో తడిమినా చాలాసార్లు తెలియదు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు హాలు ఎంత పెద్దది, వెలుతురు వస్తోందా, కప్‌బోర్డులు ఎన్ని ఉన్నాయి అని చూసుకుంటారు. తీరా ఇంట్లోకి దిగాక డబ్బు గుంజేది ఎక్కువగా నీళ్లే: కారే పైపు, ఉరిసే స్లాబు, నేలలోంచి గోడకెక్కే నెమ్ము. వీటిని పసిగట్టడానికి ఎవరైనా వాడగలిగిన చిన్న పనిముట్టు రెండు సూదుల చెమ్మ మీటర్. కొనదగ్గ వస్తువే. అయితే అది చూపే అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే మంచి ఇల్లు వదులుకునే ప్రమాదమూ ఉంది, పాడైన ఇల్లు కొనుక్కునే ప్రమాదమూ ఉంది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే ఎక్కడ మోసపోతామో తెలుస్తుంది. రెండు సూదుల మధ్య అతి తక్కువ కరెంటు పంపి, దానికి ఎంత అడ్డు వస్తోందో మీటర్ కొలుస్తుంది. తడి ఎక్కువైతే కరెంటు తేలిగ్గా పారుతుంది, అంకె పెరుగుతుంది. తెర మీద కనిపించే శాతం మాత్రం కలప కోసం లెక్కగట్టింది. కాబట్టి తలుపు గుమ్మం, కిటికీ చట్రం, చెక్క స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), పైకప్పు దూలం వంటివాటి మీద ఆ శాతాన్ని నేరుగా చదువుకోవచ్చు. ఇంట్లోపలి కలప 16 శాతం లోపు ఉంటే బెంగ లేదు. 20 దాటి అదే స్థాయిలో ఉండిపోతే కలప కుళ్లే అవకాశం ఉంది. ప్లాస్టరింగ్ మీద వచ్చిన 20కి అలాంటి అర్థం లేదు. గోడలో 20 శాతం నీళ్లున్నాయని అది చెప్పడం లేదు, పక్క చోటుతో పోల్చుకోవడానికి ఒక అంకె ఇస్తోందంతే.

అందుకే ఇంట్లో అడుగుపెట్టగానే మొదట పొడి గోడను కొలవాలి. బయటి వైపుకు, స్నానాల గదికి, వంటగదికి ఆనుకోని లోపలి గోడ ఒకటి ఎంచుకుని, నడుము ఎత్తులో మూడు చోట్ల సూదులు గుచ్చండి. ఆ ఇంటికి అదే ఆధార అంకె. ఆ తర్వాత అనుమానం ఉన్న గోడ దగ్గర స్కర్టింగ్ పైనుంచి మొదలుపెట్టి 15 సెంటీమీటర్లకు ఒకసారి చొప్పున నిలువుగా భుజం ఎత్తు దాకా కొలుచుకుంటూ వెళ్లండి. ఒక్క అంకెను చూసి ఏమీ చెప్పలేం, వరస చూస్తేనే విషయం బయటపడుతుంది.

పొడి గోడ 10 చూపిన ఇంట్లో ఒక గోడ అడుగున 28, 30 సెంటీమీటర్ల దగ్గర 26, 60 దగ్గర 22, మీటరు దాటాక 11 వచ్చిందనుకోండి. నెమ్ము నేల నుంచి పైకెక్కుతోందన్న అనుమానం బలపడుతుంది. అలా ఎక్కే నెమ్ము సాధారణంగా మీటరు ఎత్తు దగ్గర ఆగుతుంది, ఆ అంచున తెల్లటి ఉప్పు గీత కూడా కనిపించవచ్చు. అలా కాకుండా గోడ మధ్యలో ఒకచోట 30 ఉండి, అక్కణ్నుంచి నాలుగు వైపులా తగ్గుతూ పోతే లోపల పైపు కారుతుండాలి, లేదా బయటి గోడకు బీట పడి వాన నీళ్లు దిగుతుండాలి. గోడ అవతల ఏముందో వెళ్లి చూడండి. గదుల పై మూలల్లో, అల్మారా వెనక నల్లటి బూజు చుక్కలుండి, అంకె కొంచెమే పెరిగితే అది గాలి ఆడక గోడ మీద పేరుకునే తేమ కావచ్చు. ఈ మూడింటికీ మరమ్మతులు వేరు, ఖర్చులూ వేరు.

చూడాల్సిన చోట్ల విషయంలో మా లెక్క ఇది: స్నానాల గది గోడకు అవతలి వైపు, సింకు కింద కప్‌బోర్డు వెనక భాగం, కిటికీల కింది మూలలు, పై అంతస్తు సీలింగ్ గోడతో కలిసే అంచు, నీళ్ల ట్యాంకు కింది స్లాబు. టైల్స్ మీద ఈ మీటర్ పనిచేయదు, సూది దిగదు. టైల్స్ సందుల్లో గుచ్చితే పొద్దున స్నానం చేసిన తడే కనిపిస్తుంది. అందుకే స్నానాల గదిని ఎప్పుడూ అవతలి గదిలోంచి కొలవాలి.

ఇక మీటర్ తప్పుదోవ పట్టించే సందర్భాలు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఉప్పు. ఎప్పుడో కారి, ఎప్పుడో బాగుచేసిన గోడలో కూడా లవణాలు మిగిలిపోతాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి, కరెంటును బాగా పారనిస్తాయి. కారడం ఆగిపోయాక కూడా మీటర్ చాలాకాలం ఎక్కువ అంకే చూపిస్తుంది. రంగు పెచ్చులూడి, కింద తెల్లటి పొడి చేతికంటితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్లాస్టరింగ్ వెనక ఇనుప జాలీ, మూల పట్టీ, రేకు పొరున్న వాల్‌పేపర్ ఉన్నా అంకె ఒక్కసారిగా ఆకాశానికంటుతుంది. సన్నటి పట్టీ వెంట మాత్రమే అలా వస్తే తడి కన్నా ముందు లోహాన్ని అనుమానించండి. దీనికి పూర్తిగా ఎదురు సమస్య కూడా ఉంది. మందపాటి ఆయిల్ పెయింట్, కొత్త పుట్టీ మీద సూదులు పైపొరలోనే ఆగిపోయి తక్కువ చూపిస్తాయి. గది మొత్తంలో ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే, అక్కడ అంకె బాగుందని వదిలేయకండి, స్విచ్‌బోర్డు పక్కనా స్కర్టింగ్ అంచునా మళ్లీ కొలవండి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ ఆరడానికి వారాలు పడుతుంది, అందాకా ఏ అంకెకూ విలువ లేదు.

పాత మచ్చా, ఇప్పటికీ నీళ్లు దిగుతున్నాయా అన్నది తేలాలంటే ఇంటిని రెండుసార్లు చూడాల్సిందే. ఒకసారి పొడి రోజుల్లో, మరోసారి గట్టి వాన కురిసిన మర్నాడు. అవే చోట్లు, అవే ఎత్తులు. రెండోసారి అంకె బాగా పెరిగితే వాన నీళ్లు లోపలికి వస్తున్నాయన్న అనుమానం బలపడుతుంది. మారకపోతే పైపో, నేల నెమ్మో, పాత ఉప్పో అయి ఉంటుంది. పైపు సంగతి నీళ్ల మీటర్ తేలుస్తుంది. కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు నిండాక రీడింగ్ రాసుకుని, 30 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. కదిలిందంటే ఎక్కడో కారుతోంది. ఫ్లష్ ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి 15 నిమిషాలు ఆగితే, ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లోకి రంగు దిగుతోందేమో కూడా తెలిసిపోతుంది.

సూదుల్లేని రకం మీటర్ కూడా దొరుకుతుంది. గోడకు ఆనిస్తే చాలు, చిల్లులు పడవు, సుమారు 2 సెంటీమీటర్ల లోతు వరకు చూస్తుంది, టైల్స్ మీద కూడా పనికొస్తుంది. కానీ గోడలోని ఇనుప చువ్వలు, పైపులు తగిలితే అదీ ఎక్కువే చూపిస్తుంది, గరుకు గోడకు సరిగా ఆనదు. ఒక్కటే కొనాలంటే మా ఓటు సూదుల రకానికే, ఎందుకంటే చెక్క మీద నమ్మదగ్గ అంకె ఇచ్చేది అదే. మీటర్ సరిగా పనిచేస్తోందో లేదో మూతలోనే పరీక్షించుకునే ఏర్పాటు, అంకెను ఆపి ఉంచే బటన్, తెరకు లైటు, మార్చుకోగల సూదులు ఉన్నది తీసుకోండి. పచ్చ, పసుపు, ఎరుపు లైట్లు మాత్రమే ఉన్నది వద్దు. ఆ రంగులు కూడా కలపను బట్టి పెట్టినవే, గోడ మీద వాటితో పోల్చి చూడటం కుదరదు. సూదులు గుచ్చే ముందు ఇంటివాళ్ల అనుమతి అడగడం మరవద్దు. చిల్లులు చిన్నవే అయినా అవి వాళ్ల గోడలు.

ఈ మీటర్‌కు అందనివి చాలా ఉన్నాయి. 5 మిల్లీమీటర్లు దాటిన బీటలు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు, స్తంభం వెంట తుప్పు మరకతో నిలువుగా చీలిన గీత కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవడమే దారి. నేల వాలు చూడటానికి రసమట్టం కావాలి. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ ఎర్త్ లేకపోతే చెబుతుంది, ఎర్త్ నాణ్యత ఎంతో చెప్పదు.

కొలిచిన ప్రతి అంకెనూ చోటుతో, ఎత్తుతో, తేదీతో సహా రాసుకుని, మీటర్ తెర కనపడేలా ఫొటో తీయండి. "హాలు, కిటికీ ఎడమ మూల, 45 సెంటీమీటర్లు, 24, పొడి గోడ 10" అన్నంత వివరంగా ఉంటే తనిఖీకి వచ్చే ఇంజనీరు నేరుగా ఆ చోటికే వెళ్తాడు. అమ్మేవాళ్లు "అది పాతది, బాగుచేయించాం" అంటే ఏం చేయించారో, ఎప్పుడు చేయించారో అడిగి, ఆ పనికి బిల్లు చూపించమనండి.