వీడియో పాఠమా, ల్యాబా? ఆడపిల్లల సైన్స్ ధైర్యానికి ఏది మేలు?

జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం చెబుతాను. ల్యాబ్‌లో ఐదుగురిని ఒక గ్రూపు చేస్తే ప్రతిసారీ ఒకటే తంతు. వైర్లు బిగించేది మగపిల్లలు, పట్టిక గీసి రీడింగులు రాసేది ఆడపిల్లలు. వీళ్ల రికార్డులు ముత్యాల్లా ఉంటాయి. కరెంటు కొలిచే అమ్మీటరు చేతికిస్తే మాత్రం "నాకు రాదు మేడమ్" అని వెనక్కి జరుగుతారు. ఇది మన ఊళ్ల సంగతే కాదు. పదిహేనేళ్ల పిల్లలకి చాలా దేశాల్లో ఒకేసారి పెట్టే పీసా పరీక్షల్లో 2015లో మన దేశం పాల్గొనలేదు గానీ, పాల్గొన్న దేశాల్లో సగటున 'సైన్స్ నేను చేయగలను' అన్న నమ్మకం అబ్బాయిల్లోనే ఎక్కువ కనిపించింది.

మరి దీనికి ఏ చదువు మందు?

తరగతి గది ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. నలభై మంది ముందు లేచి డౌట్ అడగడం ఆడపిల్లకి పెద్ద టెన్షన్. ఎవరో కిసుక్కుమంటే ఆ ఏడాదంతా మళ్లీ నోరు విప్పదు.

పోనీ తెర ఒక్కటే చాలా? 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్లో, తెలంగాణలో యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. టీవీ పాఠాన్ని ఆపి వెనక్కి తిప్పలేం. ఫోన్లో తిప్పొచ్చు, కానీ ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. రాత్రి ఇంటికొచ్చాక మొదటి వంతు అన్నయ్యది. తన వంతు వచ్చేసరికి ఆ పిల్ల గిన్నెల దగ్గర ఉంటుంది. 2022 డిసెంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వాళ్లకి ట్యాబులిచ్చినప్పుడు నాకు నచ్చింది అదే. ట్యాబు ఆ పిల్లదే. అర్థం కాని ముక్కని మూడుసార్లు చూసినా అడిగేవాళ్లు లేరు.

నేను మేలనేది రెండూ కలిపిన పద్ధతి. ముందు తెర, ఆ మర్నాడే ల్యాబ్. ఓమ్ నియమం ప్రయోగానికి ముందు రోజు ఫెట్ సిమ్యులేషన్లో, అంటే తెర మీది బొమ్మ ల్యాబ్‌లో, సర్క్యూట్ కట్టమంటాను. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇస్తున్నది. షార్ట్ చేస్తే బొమ్మ బ్యాటరీకి మంట లేస్తుంది, అంతే. సామాను కాలదు, ఎవరూ తిట్టరు.

మొన్న ఒకమ్మాయి అలా చేసి వచ్చి నిజం సామానుతో కలిపింది. కీ పెట్టగానే అమ్మీటరు ముల్లు సున్నాకి ఎడమవైపు కొట్టుకుంది. నేను లేచేలోపే "ప్లస్, మైనస్ తారుమారైనట్టున్నాయి మేడమ్" అంటూ తీగలు తీసి మార్చేసింది. ముల్లు కుడికి కదిలింది. ఆ మొహం చూడాలి మీరు!

ల్యాబ్ లేకుండా సిమ్యులేషన్‌తో సరిపెడితే ఈ ఘడియ రాదు. తెర మీద మీటరుకి ముల్లు ఇరుక్కోదు, తీగకి తుప్పు పట్టదు, స్క్రూ వదులవదు. ఆ చిక్కులు విప్పుకున్న చేతికే ధైర్యం వస్తుంది. అలాగని పాత గ్రూపులే ఉంచితే తెర ఎంత చూపించినా దండగే, వైర్లు మళ్లీ మగపిల్లల చేతిలోకే పోతాయి. అందుకే ఇప్పుడు ఇద్దరిద్దరినే కూర్చోబెడుతున్నాను, వంతులేసి. ఒకరు కలుపుతుంటే రెండోవాళ్లు ముట్టుకోకూడదు.

నిన్న అదే అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని పక్కపిల్లతో అంటోంది: "నేను చెప్పనే, నువ్వే చూసుకో. ముల్లు ఎటు పోతోందో చూడు."