వరంగల్‌లో పాత కవర్ల కోసం తిరిగితే

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను. వరంగల్ పాత బజారులో ఒక పాతసామాన్ల దుకాణం ఉంది. ఇత్తడి బిందెలు, గ్రామఫోన్ రికార్డులు, నిజాం రాజ్యపు హాలీ నాణేలు అన్నీ దొరుకుతాయి. నిజాం కాలం స్టాంపులున్నాయా అని అడగ్గానే దుకాణదారు ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి గాజు బల్ల మీద కుమ్మరించాడు. ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వంగి చూశాక ఉసూరుమంది. అన్నీ ఉత్తరాల కవర్ల మీంచి కత్తెరతో కోసిన ముక్కలే. స్టాంపు, దాని చుట్టూ కాస్త కాగితం, దాని మీద తపాలా ముద్రలో సగం. తేదీ పడిన మిగతా సగం కత్తెరకే పోయింది.

"కవర్లు ఏం చేశారండీ?" అన్నాను.

"పారేసినం సార్. మాసిపోయిన కాయితాలు ఎవరు కొంటరు? స్టాంపు ఉంటే సాలు కదా."

చాలదు. నిజాం అణా స్టాంపులు లక్షల్లో అచ్చయ్యాయి, విడిగా ఒక్కోటి ఇరవై ముప్పై రూపాయలకు ఇప్పటికీ దొరుకుతుంది. అదే స్టాంపు కవరు మీద ఉంటే ఏ ఊళ్ళో, ఏ రోజు, ఎంత ఛార్జీకి, ఎవరికి రాశారో తెలుస్తుంది. వెనక్కి తిప్పితే చేరిన ఊరి ముద్ర ఉంటుంది, ఎన్ని రోజులకు చేరిందో లెక్క తేలుతుంది. వరంగల్ ముద్ర చక్కగా పడిన నిండు కవరుకు నేను ఆరేడు వందలైనా ఇస్తాను. ఈ మాట చెబితే ఆయన మొహంలో బాధ కనిపించింది. ఆ బాధ డబ్బు గురించే, అయినా ఇకమీదట కోయనని మాటైతే ఇచ్చాడు.

తర్వాత లోపల్నుంచి ఒక 'స్పెషల్' తెచ్చాడు. హైదరాబాద్ రాజ్యం మొట్టమొదటి స్టాంపు, 1869 నాటి ఆకుపచ్చ ఒక అణా. ధర 4,500. తాత కాలం నుంచి ఇంట్లో ఉందట. స్టాంపు అంచు పళ్ళను కొలిచే పర్ఫొరేషన్ గేజ్ జేబులోంచి తీసి పెట్టాను. అంచు పళ్ళు రెండు సెంటీమీటర్లకు పన్నెండున్నర తేలాయి. 1869 నాటి అసలుదానికి పదకొండున్నరే ఉండాలి. పన్నెండున్నరతో, తెల్ల కాగితం మీద 1880లో మళ్ళీ అచ్చేశారు. ఇవి కాక అచ్చం అలాగే ఉండే నకిలీలూ తిరుగుతుంటాయి. గేజ్ ఖరీదు నూట యాభై రూపాయలు. అది జేబులో లేకుండా నిజాం తొలి స్టాంపుల జోలికి వెళ్ళకండి. ఇంకో జాగ్రత్త: రసీదు స్టాంపులు, కోర్టు ఫీజు స్టాంపులు కూడా తపాలా స్టాంపులని చెప్పి అంటగడతారు. అక్కడ అలాంటివి గుప్పెడు కనబడ్డాయి.

ఆ దుకాణంలో నేను కొన్నది ఒకే ఒక్కటి, మూడణాల 'కాకతీయ తోరణం' స్టాంపు. నాలుగు వందలు అడిగి నూట యాభైకి ఇచ్చాడు. 1947లో మొదలైన వరుసలోది, నీలం రంగు. అదే వరుసలో హైదరాబాద్ పవర్‌హౌస్‌కు ఒక అణా నాలుగు పైలది, గోల్కొండ కోటకు ఆరణాలది వేశారు. 1931 బొమ్మల వరుసలో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా, బీదరు, దౌలతాబాద్ అన్నీ వచ్చాయి కానీ ఓరుగల్లుకు చోటు దక్కలేదు. రాజ్యం ముగిసిపోయే రోజుల్లో దక్కింది. అప్పుడు కూడా ఇంగ్లిషులో కాకతీయ పేరును తప్పుగానే అచ్చేశారు.

మర్నాడు పొద్దున్నే ఖిలా వరంగల్ వెళ్ళి ఆ స్టాంపును చేత్తో పట్టుకుని తోరణం ముందు ఫొటో తీసుకున్నాను. కోట బాగుంది, ఎండ పెరగకముందే వెళ్ళండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి కూడా హాయిగా అయిపోయాయి.

బస సంగతి మాత్రం చెప్పి తీరాలి. హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక లాడ్జి. ఏసీ గది 1,400 అని ఫోన్‌లో చెప్పారు. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని కూడా వాళ్ళే చెప్పారు. మేం దిగింది మధ్యాహ్నం రెండింటికి. మర్నాడు పన్నెండు దాటగానే కుర్రాడు తలుపు కొట్టి, "పన్నెండుకే చెకౌట్ సార్, సగం రోజు 700 కట్టాలె" అన్నాడు. కిందికి వెళ్ళి అడిగితే ఫోన్‌లో మాట్లాడిన మనిషి డ్యూటీలో లేడట, ఆయన చెప్పింది మాకు సంబంధం లేదట. రాసి ఉన్న బోర్డు చూపించమంటే చూపించలేదు. మా బావ గట్టిగా తగులుకున్నాడు. ఆయనకు మొదట్నుంచీ రామప్ప వెళ్ళాలని మనసు, నా స్టాంపుల వల్ల ఆగిపోయిందన్న ఉక్రోషం కూడా అందులో కలిసింది. చివరికి 300 తీసుకుని వదిలారు. దుప్పట్లు మాసి ఉన్నాయి, వేడినీళ్ళు ఏడింటికే బంద్. చెకౌట్ టైము వాట్సాప్‌లో రాయించుకోనిదే అడ్వాన్సు పంపకండి.

మా ఆవిడ అప్పటికి మాట్లాడటం మానేసింది. సాయంత్రం మట్టెవాడలో ఒక ఇంటికి వెళ్దామంటే, "ఇంకెన్ని కాగితాలు చూస్తారు?" అంది. మా బావకు తెలిసిన లెక్చరర్‌గారి అమ్మమ్మ ఇల్లు అది. వాళ్ళది ఒకప్పుడు ధాన్యం వ్యాపారం. పెద్దామెకు ఎనభై దాటాయి.

"రాండ్రి బిడ్డా, కూసోండ్రి. ముందుగాల తినుండ్రి, కాయితాలు యాడికి పోతయ్" అంటూ సర్వపిండి పెట్టింది. వేడి మీద, నువ్వులు, పల్లీలు, కరివేపాకు కరకరలాడుతూ, పక్కన గడ్డపెరుగు. అంతకు ముందు హోటల్లో ముగ్గురికి 690 పెట్టి తిన్న భోజనం దీని ముందు ఎందుకూ పనికిరాదు. మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. మూడు నిమిషాల్లో ఆవిడా, పెద్దామే పిండిలో ఎంత బియ్యం, ఎంత శనగపప్పు అన్న లెక్కల్లో పడిపోయారు. నాకు టెన్షన్ తగ్గింది.

ఉత్తరాలు పెట్టెలో లేవు. కొక్కెం ఉన్న ఇనుప తీగకు గుచ్చి, గోడకు వేలాడుతున్నాయి. పాత వ్యాపారుల ఇళ్ళలో వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివి అలా గుచ్చేసేవాళ్ళు. మధ్యలో చిల్లు పడుతుంది, అది నాకు లోపంగా అనిపించదు. దానివల్లే అవి వరసగా, ఒకే ఇంట్లో, ఎవరి కత్తెరకూ చిక్కకుండా మిగిలాయి.

మెల్లగా ఒక్కోటీ తీసి చూశాం. 1944లో కొద్ది రోజుల తేడాతో వచ్చిన రెండు కవర్లు పక్కపక్కనే ఉన్నాయి. బ్రిటిష్ పాలనలో ఉన్న బెజవాడ నుంచి వచ్చినదాని మీద ఇంగ్లండు రాజు ఆరో జార్జి తల, హైదరాబాద్ నుంచి వచ్చినదాని మీద చార్మినారు. నిజాం స్టాంపు నిజాం రాజ్యం లోపలే చెల్లేది. సరిహద్దు దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. బెజవాడ దాకా రైలు 1889 నాటికే పడింది, సరుకూ మనుషులూ రోజూ వస్తూ పోతూనే ఉన్నారు, స్టాంపు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోయేది. అణా కూడా వేరే. హాలీ రూపాయలు ఏడు ఇస్తే బ్రిటిష్ రూపాయలు దాదాపు ఆరు. రెండు కవర్ల మీదా రాసింది అదే వ్యాపారి పేరు, అదే మట్టెవాడ. లోపలి ఉత్తరాల్లో ఒకదాని మీద ఇంగ్లిషు తేదీ, రెండోదాని మీద నిజాం రాజ్యంలో వాడిన ఫస్లీ లెక్కలో 1353. ఇంత విషయాన్ని విడి స్టాంపు ఏ కాలంలోనూ చెప్పలేదు.

ఇంకా కిందికి వెళితే 1937 రజతోత్సవం వరుసలోని ఎనిమిది పైల ఉస్మానియా ఆసుపత్రి స్టాంపు ఒక కార్డు మీద ఉంది. మా బావ దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు, వాళ్ళ నాన్నగారు చివరి రోజుల్లో అక్కడే ఉన్నారు. రామప్ప మాట అప్పట్నుంచి ఎత్తలేదు. తీగ పైన, అంటే చివర్లో, కరీంనగర్ నుంచి వచ్చిన కవరు మీద భారత ప్రభుత్వం వేసిన రెండణాల నటరాజ స్టాంపు. 1950 ఏప్రిల్ 1తో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఆ మార్పు ఈ తీగ మీద ఎక్కడ జరిగిందో వేలుపెట్టి చూపించొచ్చు.

అన్నీ కొంటానని నేను అడగలేదు. ఆ తీగ ఆ ఇంట్లోనే, ఆ వరసలోనే ఉండాలి. ఒకే రకం కార్డులు ఎక్కువగా ఉన్న చోట రెండు ఇవ్వమన్నాను, ఒక్కోదానికి 800 ఇచ్చాను. పెద్దామె డబ్బు వద్దంది, మనవడి చేతిలో పెట్టాను. మిగతావన్నీ ముందూ వెనకా ఫొటోలు తీసుకున్నాం.

మనవడికి మూడు మాటలు చెప్పాను. చిరిగినచోట సెల్లోటేపు వేయొద్దు, దాని జిగురు పదేళ్ళలో కాగితాన్ని గోధుమరంగుకు మారుస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తీగ తుప్పు పడుతోంది కాబట్టి అదే వరసలో తీసి, నంబర్లు వేసి, ఒక్కోదాన్నీ పాలిస్టర్ కవర్లో పెట్టాలి. మామూలు పీవీసీ ఆల్బం స్టాంపు రంగును పాడుచేస్తుంది. కవర్లు నేనే పంపుతానన్నాను, వంద కవర్లకు 650 అయ్యాయి, పంపేశాను. వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో, జమ్మికుంటలో, ఇలాంటిదే ఇంకో తీగ ఉందట. ఈసారి రామప్ప ముందు చూసి తర్వాతే అక్కడికి వెళ్తామని బావకు మాటిచ్చాను.