హిస్టారికాన్: ఆట బాగుంది, బస ముంచింది

జూలైలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో జరిగే హిస్టారికాన్‌కు, అంటే చరిత్రలోని యుద్ధాల్ని చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే మేళాకు, వెళ్లాలనుకుంటే ముందు గది చూసుకోండి, ఆ తర్వాతే ఆటలు ఎంచుకోండి. మేళా జరిగే పెన్ స్క్వేర్‌కు నడిచే దూరంలో గది దొరక్కపోతే ఆ ఏడాదికి మానుకోవడమే మేలు.

రూట్ 30 మీద 89 డాలర్లన్న మోటెల్ గది పన్నులతో 98.79 అయింది. ఊళ్లో పార్కింగ్‌కు రోజుకు 18 డాలర్లు అదనం. రాత్రి ఆట ఏడింటికి మొదలైతే పదకొండు దాటుతుంది. ఆ వేళ బొమ్మల పెట్టెలు మోసుకుంటూ గ్యారేజీకి, అక్కణ్ణుంచి కార్లో మోటెల్‌కి. తీరా చేరితే గదిలో బల్ల లేదు. విరిగిన ఈటెలు అతికించుకోవడానికి సింకు అంచే గతి. మోటెల్ రిసెప్షన్‌లో అడిగితే "ఫొటో చూసే కదా బుక్ చేశారు" అన్నారు. ఫొటోలో బల్ల నిక్షేపంలా ఉంది! తోడొచ్చిన మిత్రుడు రెండో రాత్రికి మాటలు తగ్గించేశాడు. కారణం గదో, తొలి దెబ్బకే తోక ముడిచిన అతని ఆస్ట్రియా గ్రెనడియర్ సైనికుల బొమ్మలో తేలలేదు.

ప్రయాణం మాత్రం హాయి. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు మనవాళ్లకు కార్లో రెండు గంటల పైచిలుకు. ఫిలడెల్ఫియా నుంచి ఆమ్‌ట్రాక్ రైల్లో గంటంబావు.

ఇక ఆటలు. ఒక్కో ఆటకు నాలుగు గంటలు ఇస్తారు. అందులో అరగంట నియమాలు చెప్పడానికే పోతుంది, చివరి పావుగంట సర్దుకోవడానికి. మిగిలిన సమయంలో యుద్ధం తేలాలంటే ఒక్కో ఆటగాడికి మూడు నాలుగు దళాలు చాలు, అవి కూడా తుపాకీ దెబ్బ అందేంత దగ్గర్లో మొదలవ్వాలి. పన్నెండు దళాలిచ్చి బల్ల రెండు కొసల్లో నిలబెట్టే గేమ్ మాస్టర్లు, అంటే ఆట నడిపేవాళ్లు, ఉంటారు. అక్కడ మూడు టర్న్‌లు నడిచేసరికి టైము అయిపోతుంది, అప్పటికి ఇంకా కవాతే. కూర్చునే ముందు బల్ల వెడల్పు కూడా చూడండి. అయిదడుగులు మించితే నడిమి బొమ్మలు ఎవరి చేతికీ అందవు, వంగినప్పుడల్లా చొక్కా తగిలి బల్ల మీది బొమ్మ చెట్లు పడతాయి. నియమాలన్నీ ఒక్క కాగితానికి కుదించి ప్రతి ఆటగాడి ముందూ పెట్టిన బల్ల కనిపిస్తే కళ్లు మూసుకుని టికెట్ తీసుకోండి. ఏ దళం ఎప్పుడు కదలాలో పేక తీసి తేల్చే ఆటలు నలుగురికి సరదాగా ఉంటాయి. ఎనిమిదిమంది చేరితే మీ పేక వచ్చేలోపు కాఫీ తాగి రావచ్చు.

మీ బొమ్మలే తీసుకెళ్తుంటే పీఠాల అడుగున అయస్కాంతపు షీటు అంటించి, లోపల ఇనుపరేకు పరిచిన పెట్టెలో నిలబెట్టండి. స్పాంజి ట్రేలో సన్నటి బయొనెట్లు చిక్కుకుని విరుగుతాయి. జూలై ఎండలో కారులో వదిలేస్తే రెజిన్ ఈటెలు వంగుతాయి. వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలుస్తాయి. సూపర్ గ్లూ ట్యూబు, అంగుళాల టేపు జేబులోనే ఉండాలి.

డీలర్ల హాలు ఖర్చుకు తలుపులు బార్లా తీస్తుంది. ముందు వాలీస్ బేస్‌మెంట్ అనే పాత సామాన్ల సంత చూడండి. అక్కడ బల్లల దగ్గర అమ్మేవాళ్లు పూటపూటకీ మారతారు కాబట్టి ఒకసారి చూసి వదిలేయకూడదు. రంగులేసిన దళాలు కొనేటప్పుడు పీఠాల కొలత అడగండి. మీవి 20 మి.మీ., అవి 25 అయితే వరుస కుదరదు, మళ్లీ ఊడదీసి అంటించుకోవాల్సిందే.

18వ శతాబ్దపు సిపాయి బొమ్మలు 28 మి.మీ. సైజులో దొరుకుతాయి. వాటితో ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ల మధ్య 1758లో జరిగిన చందుర్తి యుద్ధాన్ని ఎవరైనా తెలుగువాళ్లు బల్ల ఎక్కించాలి. సేనాని ఫోర్డ్ ఇంగ్లీషు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది. అతని దగ్గరున్న, ఎర్రకోట్లు తొడిగిన దేశీ సిపాయిలనే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీద పడ్డారు. ఆ పటాలం బొమ్మల్ని గేమ్ మాస్టర్ బల్ల కింద దాచి, ఫ్రెంచి ఆటగాడు కదిలాక బయటికి తీస్తే చాలు, పని జరిగిపోతుంది.

తిండికి పక్కనే ఉన్న సెంట్రల్ మార్కెట్ బంగారం: వేడి ప్రెట్జెల్, పాకంతో చేసే షూఫ్లై పై. కాకపోతే మంగళ, శుక్ర, శనివారాల్లోనే, అదీ సాయంత్రానికల్లా మూసేస్తారు. ఆదివారానికి కావలసింది శనివారం మధ్యాహ్నమే కొనిపెట్టుకోండి.