నల్ల తెరమీద గ్రాఫులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

గచ్చిబౌలిలో కూర్చుని ఎక్కడో ఉన్న సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. సర్వర్లలో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైళ్లు లాప్‌టాప్‌కి దించుకోవడానికి క్లయింట్లు ఒప్పుకోరు. గ్రాఫ్ కావాలంటే టెర్మినల్‌లోనే, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల తెరమీదే గీసుకోవాలి. కొన్నేళ్లుగా దీనికి గ్నూప్లాట్ వాడుతున్నాను. కొత్తవి ఎన్ని చూసినా మళ్లీ దీని దగ్గరికే వస్తున్నాను.

1986 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ ఇది. ‘సెట్ టర్మ్ డంబ్’ అని కొడితే బొమ్మకు బదులు అక్షరాలతో గ్రాఫ్ వస్తుంది. సైజు చెప్పకపోతే అడ్డంగా 79 అక్షరాలు, నిలువుగా 24 వరసలు.

ఏ టూల్ దొరికినా ముందు బేగంపేట వాతావరణ కేంద్రం రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతలు ఇచ్చి చూస్తాను. ఆ గీత ఎలా ఉండాలో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఎక్కుతూ పోతుంది, మే నెల ఎండల్లో 40 దాటుతుంది, జూన్‌లో వానలు పడగానే దిగుతుంది. అలా రాలేదంటే తేదీల ఫార్మాట్ ఎక్కడో తేడా కొట్టినట్టే. 25 నుంచి 45 డిగ్రీల దాకా స్కేల్ పెడితే, అంచులు పోగా మిగిలిన వరసల్లో ఒక్కో దానికి దాదాపు ఒక డిగ్రీ వస్తుంది. 39.8, 40.1 రెండూ ఒకే వరసలో పడొచ్చు. ఎండలు ఎప్పుడు ముదిరాయో తెలుసుకోవడానికి ఇది చాలు. ఏ రోజు ఎక్కువో తేల్చడానికి చాలదు.

అలాంటప్పుడు బ్రెయిలీ చుక్కలతో గీసే టూల్స్ మేలు. ఒక్కో అక్షరం గడిలో అడ్డంగా 2, నిలువుగా 4 చుక్కలు పడతాయి, కాబట్టి అంతే తెరలో నిలువున నాలుగింతల వివరం కనిపిస్తుంది. ప్రోగ్రామింగ్ భాషల్లో చూస్తే పైథాన్‌లో ప్లాట్‌ఎక్స్‌ట్, రూబీలో యూప్లాట్ ఈ పని చేస్తాయి. ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే యూప్లాట్ హిస్టోగ్రామ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒకసారి రెస్పాన్స్ టైమ్ (సర్వర్ జవాబివ్వడానికి పట్టే సమయం) సగటు బాగానే ఉన్నా కస్టమర్ల ఫిర్యాదులు ఆగలేదు. ఆ అంకెలన్నీ పైప్ చేసి, అంటే నేరుగా యూప్లాట్‌లోకి పంపి చూస్తే రెండు గుట్టలు కనిపించాయి. పెద్దది క్యాష్‌లో (త్వరగా అందేలా ముందే దాచి ఉంచిన జవాబుల్లో) దొరికిన రిక్వెస్టులది, దూరంగా ఉన్న చిన్నది దొరకనివాటిది. సగటు ఈ రెంటికీ మధ్యలో, నిజంగా ఏ రిక్వెస్టూ లేని చోట ఉంది.

మరి అన్నిటికీ యూప్లాటే ఎందుకు వాడనంటే, కస్టమర్లు నిజంగా వాడే ప్రొడక్షన్ సర్వర్‌లో రూబీ ఎక్కించమని అడిగితే అనుమతి వచ్చేసరికి సమస్యే పాతబడిపోతుంది. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటుల్లో గ్నూప్లాట్-నాక్స్ అనే ప్యాకేజీ ఉంది, దానికి గ్రాఫికల్ డిస్‌ప్లే అవసరమే లేదు. అప్పటికప్పుడు కదిలే గ్రాఫ్ కావాలంటే టీటీవైప్లాట్ చూడండి. పింగ్ టైమ్‌లు (అవతలి కంప్యూటర్‌కి చిన్న సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయాలు) పంపితే చాలు, నెట్‌వర్క్ ఎప్పుడు తడబడుతోందో కళ్ల ముందే తెలుస్తుంది.

నన్ను బాధపెట్టేది తెలుగు లేబుళ్లు. బార్ గ్రాఫ్‌లో మేడ్చల్, సంగారెడ్డి అని రాస్తే గుణింతాలు, ఒత్తుల వెడల్పు లెక్క తప్పి బార్లు ఎగుడుదిగుడుగా మొదలవుతాయి. మన భాషలో ఇంత చిన్న పని ఇంకా సరిగ్గా జరగకపోవడం అన్యాయం. ప్రస్తుతానికి జిల్లాల పేర్లకు బదులు నంబర్లు వేసి, పేర్లు గ్రాఫ్ కింద విడిగా రాసుకుంటున్నాను.